కంది వేరు

డిగ్రీ మొదటి సంవత్సరంలో మాకు బోటనీ చెప్పిన సారుకు పాఠమంటే బోర్డు మీద బొమ్మ. గీయడం అయ్యాక "అందరు ఫొటో తీస్కోండ్రి" అనేవారు. తీసుకునేవాళ్ళం. అదీ మా చదువు.

ఒకరోజు పప్పుజాతి మొక్క వేరు గీశారు. దాని మీద ముత్యాల్లాంటి బుడిపెలు పెట్టి, వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుందని చెప్పారు. మా పక్కనే పండే తాండూరు కంది గురించి లోకమంతా చెప్పుకుంటుంటే, మా సారు సుద్దముక్కతో వేరు చూపిస్తున్నారు!

మర్నాడు తాండూరు దగ్గరి మా చేనులో ఒక కంది మొక్కను జాగ్రత్తగా తవ్వి తీసి, వికారాబాద్‌లోని మా కాలేజీ దాకా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. వేరు నిండా వంకర టింకర బుడిపెలు. సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చూశారు.

"వేరుకు ఏదో రోగం పట్టిందమ్మా. మందు కొట్టమను మీ నాయినను. జర బయట పారెయ్, క్లాసంత మట్టయితుంది."

"సార్, నిన్న మీరు చెప్పినయి గివే కద?"

"నిన్న చెప్పింది పరీక్షకు. కూసో."

ఆయన మీద కోపం కూడా రాలేదు, రోత పుట్టింది. ఆ రోతను ఇన్నేళ్ళూ గొప్పగా చెప్పుకుంటూ తిరిగాను. చెప్పనిది ఒకటుంది. పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నేను బుడిపెలను ముత్యాల్లా, నున్నగా, వరుసగా గీసి నిండు మార్కులు తెచ్చుకున్నాను.

ఆయన తెలియక గీశారు. నేను తెలిసి గీశాను.