అమ్మమ్మ బంతి భోజనం

మా ఇంట్లో ఎవరికి పొలమారినా మాడు మీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అనడం అలవాటు. నిరుడు వేసవి నుంచి అమ్మమ్మకు భోజనం చేసేటప్పుడు తరచు పొలమారసాగింది. అమ్మ మొదట్లో నవ్వుతూనే తట్టేది.

"నన్ను తలుచుకునేవాళ్ళంతా ఎప్పుడో పైకెళ్ళారే. అక్కణ్ణుంచే పిలుస్తున్నారేమో!" అంది అమ్మమ్మ ఒకరోజు, దగ్గు తెరిపిన పడ్డాక.

ఆ హాస్యం అమ్మను భయపెట్టింది. మర్నాటి నుంచి అన్నం, పప్పు, కూర కలిసి మిక్సీలోకి వెళ్ళాయి. అమ్మమ్మ గిన్నెలోకి చూసి, "ఇందులో వంకాయ ఎక్కడుందే?" అని అడిగింది.

"జబ్బుందని ఎవరు చెప్పారమ్మా?" అన్నాను నేను.

"నీ డిబేట్లు కాలేజీలో పెట్టుకో."

ఆధారం లేని వాదనతో అమ్మను ఒప్పించలేనని నాకు తెలుసు. అందుకే ముగ్గురం వన్ టౌన్‌లోని మా ఇంటి నుంచి ఆటోలో గొంతు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన అమ్మమ్మ గొంతు పరీక్షించి, ఎదురుగానే నీళ్ళు తాగించి, బిస్కెట్ తినిపించి చూశారు. బరువు తగ్గారా, జ్వరాలు వస్తున్నాయా అని అడిగారు.

"జబ్బేం లేదమ్మా. వయసుతో గొంతు కండరాలు కాస్త నెమ్మదిస్తాయి, నోరు ఆరుతుంది. ఒక్క గుటకలో దిగే ముద్దకు ఇప్పుడు రెండు గుటకలు పట్టొచ్చు. నిటారుగా కూర్చుని చిన్న ముద్దలు తినమనండి, తొందరపెట్టకండి. దగ్గు ఎక్కువైనా, బరువు తగ్గినా వెంటనే తీసుకురండి. బిస్కెట్ చక్కగా నమిలారుగా, మిక్సీ దేనికి?"

మిక్సీ ఆగింది గాని పొలమారడం ఆగలేదు. ఎప్పుడు పొలమారుతోందో గమనించడం మొదలుపెట్టాను. "పప్పు కుదిరిందా అమ్మా?" "ఇంకాస్త వేయనా?" అంటూ మేము మర్యాదగా అడుగుతాం. అడిగినవారికి జవాబు చెప్పకపోవడం అమ్మమ్మ ఎరగదు. నోట్లో ముద్ద ఉండగానే బదులిచ్చేది, వెంటనే దగ్గేది. ఆమెకు అడ్డుపడుతున్నది మా ఆప్యాయతే. ఆమె తినేటప్పుడు ఎవరూ పలకరించకూడదని ఇంట్లో నియమం పెట్టాను. దగ్గు బాగా తగ్గింది.

అంతలో ఉయ్యూరులో అమ్మమ్మ చెల్లెలి మనవరాలి పెళ్ళి వచ్చింది.

"ఇంట్లోనే పెట్టి తీసుకెళ్దాం. నలుగురిలో పొలమారితే ఏం బావుంటుంది?" అంది అమ్మ.

"పెళ్ళికెళ్ళి తినకుండా వస్తే అలిగాననుకోరూ?" అంది అమ్మమ్మ. "నేను బంతిలోనే కూర్చుంటా."

"పక్కన నేనుంటాను," అన్నాను.

పెళ్ళిలో అమ్మమ్మకు అటు అమ్మ, ఇటు నేను కూర్చున్నాం. వడ్డనలు మొదలయ్యాయో లేదో, పెళ్ళికూతురి తండ్రి వచ్చి వంగి, "పెద్దమ్మా, వంటలు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

అమ్మమ్మ నోరు తెరవబోయింది. నేను ఆమె మోచేతి మీద చెయ్యి వేశాను. "చాలా బావున్నాయండీ. తిన్నాక తనే చెబుతుంది."

ఆయన కాస్త నొచ్చుకున్నట్టు చూసి ముందుకు సాగాడు. అమ్మమ్మ ఆవకాయ అన్నంలో నెయ్యి కలుపుకుని, ఉసిరికాయంత ముద్దలు చేసుకుంది. ఒక్కొక్కటి నమిలి, మింగి, మళ్ళీ మింగి, ఆ తర్వాతే ఇంకో ముద్ద అందుకుంది. వరుసలో ఆకులు మడిచి జనం లేస్తున్నారు. తరువాతి బంతివాళ్ళు అప్పుడే మా కుర్చీల వెనక నిలబడ్డారు.

"అయిపోయిందాండీ?" అందొకావిడ, అమ్మమ్మ కుర్చీ పట్టుకుని.

అమ్మమ్మ చెయ్యి ఆగింది. తొందరగా పెద్ద ముద్ద కలపబోయింది.

నేను వెనక్కి తిరిగేలోపే అమ్మ మాట్లాడింది. "ఇంకా పెరుగన్నం ఉందండీ. మా అమ్మ మెల్లిగా తింటుంది. మీరు అటు వరుస చూసుకోండి."

అమ్మ భోజనం ఎప్పుడో అయిపోయింది. అయినా ఆకు మడవలేదు. ఎంగిలి చెయ్యి ఆరిపోతున్నా కదలకుండా కూర్చుంది. అమ్మమ్మ పెద్ద ముద్దను రెండు చేసి, మొదటిది నోట్లో పెట్టుకుంది.