రెండంగుళాల పచ్చ వైరు

మా బావ ఎవరింటికి వెళ్లినా కుర్చీలో కుదురుగా కూర్చునేవాడు కాదు. మంచినీళ్ల గ్లాసు చేతికిస్తే తాగకుండా చెవి రిక్కించి, "ఎక్కడో పైపు ఏడుస్తోంది" అనేవాడు. ఇంటివాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు గానీ, మరో నిమిషానికి బాత్రూం గుమ్మంలో వంగి నేల వాలు చూస్తూ కనిపించేవాడు. అక్క సిగ్గుతో చచ్చిపోయేది. "చుట్టపుచూపుగా వచ్చాం, తనిఖీకి కాదు" అని పళ్ల బిగువున అనేది. బావకు వినిపించేది కాదు. అతని చూపు అప్పటికే స్విచ్ బోర్డు పక్కన గోడ మీది గోధుమరంగు మచ్చ మీదికి వెళ్లిపోయి ఉండేది.

అతను పోయి ఆరు నెలలైంది. ఇప్పుడు నేను కూడా ఎవరింట్లోనూ కూర్చోలేకపోతున్నాను.

బావ కరెంటు పనీ, నీళ్ల పనీ రెండూ చేసేవాడు. చేసేవాడనడం కంటే, ఎవరో చేసినవి విప్పి మళ్లీ చేసేవాడంటే సరిపోతుంది. కొత్త ఇళ్లలో అతను చూడని వింత లేదు. నీళ్లు జాలీ వైపు పోకుండా గుమ్మం వైపు పారే బాత్రూములు. వేడినీళ్లకు చన్నీళ్ల పైపు వేస్తే గోడలోపలే మెత్తబడి ఉబ్బిపోయిన లైన్లు. మురుగు గొట్టంలో ఇరుక్కున్న సిమెంటు బస్తా ముక్క. ఒక ఇంట్లో రెండు వైర్లు కలిపి, టేపు అయిపోయిందేమో, దెబ్బకు అంటించే ప్లాస్టరు చుట్టి గోడ మూసేశారు. బావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వీడు పని చెయ్యలేదు బావమరిదీ, పగ తీర్చుకున్నాడు" అన్నాడు. అది అతని ఊతపదం. అది వినడానికే నేను వెంట వెళ్లేవాణ్ణి.

ఒక్క స్విచ్చు బిగించమని పిలిస్తే ఇల్లంతా చదివి వినిపిస్తాడు కాబట్టి చుట్టుపక్కల వీధుల్లో అతని పేరు నస మేస్త్రి.

"ఫ్యాను తిరుగుతోంది కదయ్యా, ఇంకేం కావాలి నీకు?" అని ఒకాయన విసుక్కున్నాడు.

"తిరుగుతోంది సార్. మీరు స్విచ్చు ఆపితే ఫ్యాను ఆగుతోంది, వైర్లో కరెంటు ఆగట్లేదు. తుడవడానికి బల్ల ఎక్కుతారు చూడండి, అప్పుడు నేను గుర్తొస్తాను."

మోకాళ్లు అరిగాక అతన్ని స్కూటరు మీద తిప్పే పని నాకు పడింది. నాది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. "ఇద్దరిదీ ఒకటే వృత్తి, తప్పులు దిద్దడం. నీ తప్పులు షాకు కొట్టవు, అంతే తేడా" అని వెనక సీటు మీంచి ఏడిపించేవాడు.

నాలుగున్నరేళ్ల కిందట ఒక మధ్యాహ్నం నాలుగంతస్తుల పాత అపార్టుమెంటు నుంచి పిలుపొచ్చింది. రెండో అంతస్తులో ఉండే టీచరమ్మ తడిచేత్తో ఫ్రిజ్ తలుపు తీయబోతే షాకు కొట్టి అవతల పడేసింది. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ కుడిచెయ్యి భుజం నుంచి తిమ్మిరెక్కి లేవడం లేదు. మెట్ల దగ్గరే బావ నడక నెమ్మదించింది. "ఈ బిల్డింగు నాకు తెలుసు. కుర్రతనంలో ఇక్కడ పనిచేశాను" అన్నాడు.

కింద మీటర్ల గదిలో బోర్డు విప్పితే అన్ని ఫ్లాట్ల నుంచి కరెంటు తిరిగొచ్చే న్యూట్రల్ వైర్లూ కలిసే బోల్టు వదులై సగం మాడి ఉంది. మెయిన్ ఆపి, బోల్టూ వాషరూ మార్చి బిగించాడు. "ఇది వదులైతే లైట్లు కొట్టుకోవాలి. ఫ్రిజ్ మనిషిని ఎందుకు కొట్టింది?" అని తనలో తనే అనుకుంటూ పైకొచ్చి, ఫ్రిజ్ పక్కకు జరిపి, ప్లగ్గు మూత ఊడదీశాడు.

మూడు రంధ్రాల ప్లగ్గులో పైనున్న పెద్దది ఎర్తు. దాని వైరు నేలలోకి పోవాలి. ఇనుప వస్తువు ఒంట్లోకి కరెంటు దిగితే మనిషిని వదిలేసి ఆ దారిన పోతుంది. ఇక్కడ ఎర్తు వైరు ఎక్కడికీ పోలేదు. రెండంగుళాల పచ్చ వైరు ముక్క ఒకటి ఎర్తు రంధ్రం నుంచి పక్కనున్న న్యూట్రల్‌కు కలిపి ఉంది. కింద బోల్టు వదులై తిరుగుదారి తెగగానే ఆ ముక్క గుండా కరెంటు నేరుగా ఫ్రిజ్ తలుపులోకి వచ్చేసింది.

ఊతపదం కోసం నేను ఎదురుచూశాను. రాలేదు. నేనే అందించాను. "పగ తీర్చుకున్నాడా బావా?"

బావ ఆ ముక్క తీసి వేళ్ల మధ్య పెట్టుకుని చూస్తున్నాడు. నేనూ చూశాను. బావది ఎడమచేతి వాటం. వైరు మెలి అందరిలా కుడికి కాకుండా ఎడమకు తిప్పేవాడు, చివర వెనక్కి మడిచి చిన్న కొక్కెంలా చేసేవాడు. ఈ మెలి ఎడమకే ఉంది. చివర కొక్కెం ఉంది.

మెట్ల మీద కూలబడి చెప్పాడు. ఇరవై రెండేళ్ల వయసు. బిల్డింగు రెండు రోజుల్లో అప్పజెప్పాలి, ఏ ఫ్లాటుకూ ఎర్తు వైరు లాగలేదు. కాంట్రాక్టరు భుజం మీద చెయ్యి వేసి, "ఇప్పటికి ముక్కలు వేసెయ్. చూసేవాళ్లు టెస్ట్ లాంపు పెట్టి చూస్తారు, అది వెలుగుతుంది. తర్వాత లాగుదాం. వచ్చే బిల్డింగు మొత్తం నీకే" అన్నాడు. టెస్ట్ లాంపంటే హోల్డరుకు రెండు వైర్లు కట్టిన మామూలు బల్బు. ఒక వైరు కరెంటుకూ ఇంకోటి ఎర్తుకూ ఆనిస్తే వెలగాలి. పచ్చముక్క ఉంటే, నేలదాకా వైరు పోకపోయినా వెలుగుతుంది.

"పచ్చ వైరే ఎందుకు వేశానో తెలుసా? ఎవడైనా మూత తీసినా ఎర్తనుకోవాలని. అంత శ్రద్ధగా చేశాను."

పదహారు ఫ్లాట్లు. ఫ్రిజ్, గీజరు, బట్టల మెషీను, ఒక్కో ఇంటికి మూడు. బావ వేళ్ల మీద లెక్కపెట్టి, "నలభై ఎనిమిది. ఒకటి తీశాం" అని లేచాడు. ఆ లేవడం లేవడం మళ్లీ స్థిమితంగా కూర్చోలేదు.

మర్నాటి నుంచి తలుపులు తట్టడం మొదలుపెట్టాం. మాటలు నావి, చేతులు అతనివి అని ఒప్పందం. మొదటి మూడు ఇళ్లలో నేను, "ఎవరో సరిగ్గా చెయ్యలేదండీ, ఒకసారి చూసి పోతాం" అన్నాను. బావ తల వంచుకుని ముక్కలు తీశాడు. నాలుగో ఇంట్లో పెద్దాయన, "ఏ దరిద్రుడు చేశాడయ్యా ఇది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు బావ, "నేనేనండీ" అన్నాడు.

అంతే, మధ్యాహ్నానికల్లా బిల్డింగంతా పాకింది. "చెడగొట్టిందీ నువ్వే, బాగుచేస్తానని వచ్చిందీ నువ్వే. మళ్లీ ఏం పెట్టిపోతావో ఎవడికి తెలుసు?" అని ఒకావిడ తలుపు సందులోంచే అంది. ఒకాయన గొలుసు కూడా తీయలేదు.

స్కూటరు దగ్గర నేను కేకలేశాను. "నీ నోరు ఒక్క వారం ఆగలేకపోయిందా బావా?"

"దాచుకుంటే పళ్లు పుచ్చిపోయేలా ఉంది, ఎలా ఆగుతుంది?" అన్నాడు.

రోజులు గడుస్తుంటే అన్నం సయించలేదు అతనికి. కింద బోల్టు పాతది, బోర్డు పాతది, కొత్త వాషరు వేసినా నమ్మకం కుదరలేదు. అది మళ్లీ వదులైతే ఏ ఇంట్లో ఏ చెయ్యి ఉంటుందో అన్నదే ధ్యాస. చివరికి దారి చూపింది టీచరమ్మ. నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు ఆవిడ. ఐదో రోజు మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని వచ్చి, "పదండి, నా చెయ్యి చూపిస్తాను. మీ మాట కంటే అది నయం" అంది. ఆ చెయ్యి ముందు ఎవరూ తలుపు వెయ్యలేకపోయారు.

ముక్కలు తీయడంతో పని అయిపోదు. బిల్డింగు వెనక గొయ్యి తవ్వి ఎర్తు పెట్టి, అక్కడి నుంచి ఇంటింటికీ నిజమైన వైరు లాగాలి. అటు నుంచి ఒకరు తోస్తే ఇటు నుంచి ఒకరు లాగాలి. ఆ ఒకరు అక్క అయింది.

"ఏమండీ, నన్ను చేసుకునే ముందే ఈ ఘనకార్యం చేశారా, తర్వాతా?"

"ముందే. మాట్లాడకుండా తొయ్యి."

"ముందే తెలిసుంటే అప్పుడే మెయిన్ ఆపేసేదాన్ని."

బావ పైపులోకే నవ్వాడు. ఆ రెండు వారాల్లో అతను నవ్వింది అదొక్కసారే అనుకుంటాను.

పదిహేను ఇళ్లు అయ్యాయి. మూడో అంతస్తు మూల ఫ్లాటు మిగిలింది. అందులో ఉండేది రిటైరైన ఇంజనీరుగారు. ఒంటరి మనిషి. అప్పట్లో ఆ బిల్డింగును పరీక్షించి సంతకం పెట్టింది ఆయనే. నచ్చి, తర్వాత అందులోనే ఇల్లు కొనుక్కున్నాడు.

"ప్రతి ప్లగ్గులో లాంపు పెట్టి నేను స్వయంగా చూశాను. ప్రతిదాంట్లో వెలిగింది" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"వెలుగుతుంది సార్. వెలగడానికే ముక్క వేశాం."

"అంటే నేను గుడ్డివాణ్ణంటావు."

"మీరు లాంపు చూశారు సార్. మూత తీసి చూడలేదు. తప్పు నాది, మీది కాదు. పావుగంట పని."

"నా ఇంట్లో ఒక్క స్క్రూ కూడా ముట్టుకోవడానికి వీల్లేదు."

తలుపు పడింది. బావ మెట్ల మీద కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. పోనీ గీజరన్నా వాడొద్దని చీటీ రాయమంటే నేను రాసి తలుపు కింద నుంచి తోశాను. అది అలాగే బయటికి తిరిగొచ్చింది. ఆఖరికి ఎర్తు వైరు ఆయన గుమ్మం దాకా లాగి, మిగతాది చుట్ట చుట్టి ద్వారబంధం పక్కన మేకుకు తగిలించాడు. "మనసు మారితే వైరు కోసం వెతుక్కోనక్కర్లేదు" అన్నాడు.

ఆ ఇంట్లో మూడు ముక్కలు ఉన్నంతకాలం కింద బోల్టు వదులవడానికి వీల్లేదు. అందుకని బావ ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి వెళ్లి, రెండు నిమిషాలు మెయిన్ ఆపి, బోల్టు బిగించి వచ్చేవాడు. ఆదివారం ఏడింటికి కరెంటు పోతే నస మేస్త్రి వచ్చాడని బిల్డింగంతటికీ తెలిసేది. టిఫిను మధ్యలో ఆగిన మిక్సీలు అతన్ని తిట్టుకునేవి. పెళ్లికి పొరుగూరు వెళ్తే శనివారం రాత్రే తిరిగొచ్చేవాడు. నాలుగేళ్లు అలాగే నడిచింది. ఇంజనీరుగారు మెట్ల మీద ఎదురైతే బావ నమస్కారం పెట్టేవాడు. ఆయన చేతికర్ర వైపు చూసుకుంటూ వెళ్లిపోయేవాడు.

కిడ్నీలు చెడి బావ నడవలేని స్థితికి వచ్చాక కూడా ఆదివారాలు ఆగలేదు. తను మీటర్ల గది బయట స్టూలు మీద కూర్చునేవాడు, అక్క లోపల పానా పట్టుకునేది.

"ముందు మెయిన్. ఆపానని అనుకోకు, టెస్టరు పెట్టి చూడు."

"చూశానండీ."

"మళ్లీ చూడు."

ఆస్పత్రిలో ఆఖరి రోజుల్లో ఏ వారమో గుర్తుండేది కాదు అతనికి. ఎవరు మంచం దగ్గరికొచ్చినా, "ఇవాళ ఆదివారమా?" అని అడిగేవాడు. కాదంటే కాసేపు కళ్లు మూసుకునేవాడు. గురువారం పోయాడు.

ఆ ఆదివారం అక్క ఆరున్నరకే నన్ను లేపింది. ఇల్లంతా చుట్టాలు. "ఎక్కడికే?" అని పెద్దమ్మ అడుగుతుంటే, "బోల్టు" అని ఒక్క మాట అని స్కూటరెక్కింది.

మెయిన్ ఆపి ఐదు నిమిషాలైనా కాకముందే మెట్ల మీద చేతికర్ర చప్పుడు. ఇంజనీరుగారు లుంగీ మీదే దిగొచ్చాడు. "కరెంటు పోయింది. ఆయన పోయాడని విన్నానే" అని, అక్కను చూసి ఆగిపోయాడు.

అక్క తలెత్తకుండా, "వదులైందండీ. అరచుట్టు తిరిగింది" అంది.

ఆయన బోల్టు వైపు చూశాడు, ఆమె చేతిలోని పానా వైపు చూశాడు. "ఇలా ఎన్నాళ్లు బిగిస్తావమ్మా?"

"మీ ఇంట్లో మూడు ముక్కలు తీసేదాకా."

ఆయన మెట్లెక్కాడు. పైకి వెళ్లి చూస్తే తలుపు తెరిచి ఉంది. అక్క, "ఒరేయ్, బావ సంచి పట్రా" అంది.

మేకుకు ఉన్న వైరు చుట్ట నాలుగేళ్ల దుమ్ముతో బూడిదరంగుకు తిరిగింది. అక్క కొంగుతో తుడిచి లోపలికి లాగింది. ఇంజనీరుగారు టార్చి పట్టుకున్నాడు. ఫ్రిజ్ దగ్గర ఒక ముక్క, మెషీను దగ్గర ఒకటి, గీజరు దగ్గర ఒకటి. మూడూ ఎడమకు మెలి తిరిగి ఉన్నాయి. అక్క ఒక్కొక్కటీ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని వాటిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు.

కొత్త వైరు బిగించి మూతలు వేశాక నన్ను మెయిన్ వెయ్యమంది అక్క. నేను వేసి పైకొచ్చేసరికి టెస్ట్ లాంపు గీజరు ప్లగ్గులో పెట్టి ఉంది. బల్బు నిండుగా వెలుగుతోంది.

ఇంజనీరుగారు గట్టిగా ఊపిరి వదిలాడు. "వెలిగింది కదమ్మా. ఇంక అయిపోయినట్టే."

"అప్పుడూ వెలిగిందండీ" అంది అక్క. నన్ను మళ్లీ కిందికి పంపి మెయిన్ ఆపించి, టెస్టరు పెట్టి ఒకసారి చూసి, మళ్లీ చూసి, ఇప్పుడే బిగించిన మూత స్క్రూలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.