సగమైన సంగటి ముద్ద

లోకేశ్వరి రాగి సంగటి కెలికేటప్పుడు పొయ్యి దగ్గరికి ఇంకెవరూ పోకూడదు. బంగారుపాళ్యం దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో ఆమె వంటమనిషి. కూరలు తరిగేవాళ్లు, అంట్లు తోమేవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లతో పేచీ ఏమీ లేదు. సంగటి మాత్రం ఆమె ఒక్కతే చేస్తుంది. పిండి ఉండ కట్టకుండా కెలికి, తడి గిన్నెలో వేసి గుండ్రంగా తిప్పి, ప్రతి పిల్ల పళ్లెంలోనూ తన చేత్తోనే ముద్ద పెట్టాలి. "ఇంకొకరు సేస్తే పిల్లోళ్లకు కడుపు నిండదు" అంటుంది. గర్వమే, కాదనను. మొగుడు పోయాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను కూలికి పోయి, నానా మాటలు పడి వచ్చిన మనిషి. ఆమెకంటూ దొరికిన మర్యాద ఆ ముద్దలోనే ఉంది.

పోయిన ఏడాది స్కూళ్లు తెరిచాక, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు మేనేజరు గిరిప్రసాద్ వంటింట్లోకి కొత్త గిన్నె తెచ్చాడు. "పిల్లోళ్లు సంగటి పారేస్తా ఉండారు. ఇంక దీంతో సెయ్యి. పిండి కూడా తగ్గించి ఇస్తాలే" అన్నాడు. పాత గిన్నె కంటే అడ్డంగా ఒక వేలి మందం తక్కువ, అంతే. లోకేశ్వరి సరేనంది.

నెల తిరగకముందే పిల్లలు పళ్లేలు గీక్కోవడం మొదలుపెట్టారు. "ఇంకో ముద్ద ఉండాదా అక్కా?" అని అడిగితే లేదని చెప్పలేక ఆమె నలిగిపోయేది. ఒక పొద్దున ప్రార్థనలో ఆరో తరగతి పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. ఆ రోజంతా లోకేశ్వరికి ముద్ద మింగుడు పడలేదు.

పదో తరగతి రూపశ్రీకి వంటింటి గడప మీద కూర్చుని చదువుకోవడం అలవాటు. అప్పుడు గోళాల పాఠం జరుగుతోంది. సూత్రం అప్పజెప్పమంటే గడగడా చెప్పేస్తుంది, అదే లెక్కను మాటల్లో ఇస్తే బిక్కమొహం వేస్తుంది. "ఇనుప గుండును కరిగించి గోలీలు చేస్తారంటక్కా. ఎవురికి పని లేక?" అని విసుక్కుంటుంటే, లోకేశ్వరి రెండు గిన్నెలూ తెచ్చి ముందు పెట్టింది.

"గోలీలు వద్దులే పాపా. ముద్ద ఎంత తగ్గిందో సూసి సెప్పు."

రూపశ్రీ స్కేలు పెట్టి కొలిచింది. పాతది పది సెంటీమీటర్లు, కొత్తది ఎనిమిది. "ఐదో వంతు తగ్గిందక్కా" అంది. లోకేశ్వరికి నమ్మకం కుదరలేదు. ఐదో వంతు తగ్గితే పిల్లలు పడిపోతారా? రూపశ్రీకీ అనుమానం వచ్చి, లెక్కల సారు సంపత్కుమార్ దగ్గరికి పోయింది.

"అడ్డం కొలత చూసి చెప్పేస్తే ఎట్లమ్మా?" అన్నాడాయన. "ముద్ద అన్ని పక్కలా తగ్గింది కదా. వ్యాసంలో సగం వ్యాసార్ధం. దాన్ని దాంతోనే మూడుసార్లు వేసి గుణించు. మిగతా సూత్రమంతా రెండింటికీ ఒకటే, కొట్టేయచ్చు."

మూడు అయిదులు గుణిస్తే నూట ఇరవై అయిదు. మూడు నాలుగులు గుణిస్తే అరవై నాలుగు. మాటల లెక్క ఒకటి తనకు తేలడం అదే మొదటిసారి. ఆ సంబరంతో వంటింటికి పరుగెత్తుకొచ్చింది. "సగమక్కా! ఇంచుమించు సగం పోయినాది."

తన చేత్తోనే పిల్లల కూడు సగం లాగేసుకున్నట్టు అనిపించింది లోకేశ్వరికి. రూపశ్రీ లెక్క వేసిన కాగితం పట్టుకుని నేరుగా గిరిప్రసాద్ దగ్గరికే పోయింది. ఆయన చదివి, జేబులో పెట్టుకుని, "మంచి పని సేసినావు. పెద్దోళ్లతో నేను మాట్లాడతా" అన్నాడు. ఎంత మంచివాడో అనుకుందామె. ఆ అమాయకత్వం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హాస్టల్ నడిపే ట్రస్టు పెద్దలు వచ్చారు. గిరిప్రసాద్ ఆ కాగితం వాళ్ల ముందు పెట్టాడు. "నేను ఎప్పటి మాదిరే పిండి కొలిచి ఇస్తా ఉండాను. ముద్ద సగమైపోయింది. మన పిల్లే లెక్క కట్టింది" అన్నాడు.

రూపశ్రీని పిలిపించారు. "సగమేనా అమ్మా?"

"సగమే సార్."

"ముద్దలు ఎవరు చేస్తారు?"

"లోకేశ్వరక్క. ఇంకెవుర్నీ ముట్టనీదు సార్."

రెండూ నిజాలే. చెప్పి క్లాసుకు వెళ్లిపోయింది.

"గిన్నె ఈ మేనేజరు సారే ఇచ్చినాడు. పిండీ ఆయనే తగ్గించినాడు" అంది లోకేశ్వరి.

"నేను ఇచ్చేది ఎవురు సూసినారు?" అన్నాడు గిరిప్రసాద్ చాలా నిదానంగా. ఎవరూ చూడలేదు. పొయ్యి దగ్గరికి ఆమె ఎవరిని రానిచ్చింది గనక? దొంగ అనే మాట పెద్దలెవరూ వాడలేదు. రేపటి నుంచి రావద్దన్నారు.

మర్నాడు కొత్త వంటమనిషి వచ్చింది. గిరిప్రసాద్ ఆమెకు పాత గిన్నే ఇచ్చాడు, పిండీ నిండుగా కొలిచాడు. పిల్లలు కడుపునిండా తిన్నారు. ఇంక ఎవరికీ అనుమానమే మిగల్లేదు.

మామిడి సీజను వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీ బండి కోసం రోడ్డు మీద నిలబడ్డ లోకేశ్వరిని చూసి, బస్సు దిగిన రూపశ్రీ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. పరీక్షలో గోళం లెక్క వచ్చిందని, తప్పు లేకుండా చేశానని, పాసయ్యానని చెప్పింది. లోకేశ్వరి ఆ పిల్ల తల నిమిరింది. రూపశ్రీ గొంతు తగ్గించి అడిగింది.

"అంత పిండి ఏం సేసుకున్నావక్కా? ఇంట్లో అంత కష్టంగా ఉండిందా?"

ఆ పిల్ల కళ్లలో కోపం లేదు. జాలి ఉంది. లోకేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుని బండి ఎక్కేసింది.