ఎర్రగడ్డ కొట్టివేత

2022 వేసవి. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు మానసిక వైద్యశాలలో నర్సుగా చేస్తున్నాను. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లకు మేము కాగ్నిటివ్ స్క్రీనింగ్ అనే చిన్న పరీక్ష పెడతాం. జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనలో చురుకు ఏపాటివో పావుగంటలో ఒక అంచనా దొరుకుతుంది. అందులో ఒక అంశం, నిమిషంలో వీలైనన్ని కూరగాయల పేర్లు చెప్పడం.

వేముల ఓబులేసు వేంపల్లెలో ఉల్లిపాయల మండీలో పనిచేసేవాడు. జబ్బుతో ఆ పని పోయింది. రెండేళ్లు మందులు తప్పకుండా వాడి తేరుకున్నాడు. డాక్టరు కాగితం తెస్తే మళ్లీ పనిలో పెట్టుకుంటానన్నాడు యజమాని. ఆ కాగితం కోసమే ఈ పరీక్ష.

పరీక్ష పెట్టింది కోస్తా నుంచి కొత్తగా వచ్చిన డాక్టరు. అయ్యాక ఫైలు సర్దుతూ చూశాను. నాలుగు పేర్లు కొట్టేసి ఉన్నాయి. ఉర్లగడ్డ, గెనుసుగడ్డ, మటిక్కాయ పక్కన ‘నియోలాజిజం’ అని రాశాడాయన. అంటే జబ్బు మనిషి సొంతంగా కల్పించుకున్న మాట అని. ఎర్రగడ్డ పక్కన రాసింది మరీ ఘోరం: ‘మనసంతా పిచ్చాసుపత్రి మీదే ఉంది.’ హైదరాబాదులో ఆ ఆసుపత్రి ఉన్న పేట పేరు ఎర్రగడ్డ మరి! అన్నిటికీ కింద, ‘పనికి తగడు.’

నా ఒళ్లు మండిపోయింది. ఫైలు పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి వెళ్లాను.

“సార్, మాది జమ్మలమడుగు. మా ఇంట్లో ఉల్లిపాయను ఎర్రగడ్డనే అంటాం. ఉర్లగడ్డంటే బంగాళాదుంప, గెనుసుగడ్డంటే చిలగడదుంప, మటిక్కాయంటే గోరుచిక్కుడు. నాక్కూడా మందులు రాయండి.”

ఆయన ముఖం పాలిపోయింది. “మీరెప్పుడూ ఉల్లిపాయ అనే కదా అంటారు సిస్టర్?”

అదీ నిజమే. విజయవాడలో నర్సింగ్ చదివేటప్పుడు ఎర్రగడ్డ అన్నందుకు క్లాసంతా పగలబడి నవ్వింది. ఆ రోజే ఆ మాటను మింగేశాను.

డాక్టరు గొణుక్కుంటూనే మార్కులు దిద్ది, కొత్త కాగితం రాశాడు. బయట బెంచీ మీద కూర్చున్న ఓబులేసుకు అది ఇచ్చి, ఆలస్యం ఎందుకైందో చెప్పాను.

“నాకు జబ్బుండాది, కాదన్ను అక్కా. మా మాటలకు గూడా ఉండాదనుకున్యాడా ఆయప్ప?”

ఇప్పుడు పరీక్షకు ముందు ప్రతి ఒక్కరికీ, “మీ ఇంట్లో ఏమంటారో అదే చెప్పప్పా” అని చెబుతున్నాను. పనిలో నేనూ ఎర్రగడ్డనే అంటున్నాను. అయినా కోపం తగ్గదు. అంతకుముందు వచ్చిపోయిన బయటి డాక్టర్లు ఇంకెంతమంది మాటలు కొట్టేశారో, ఎంతమంది పని లేక ఇంట్లో కూర్చున్నారో! ఆ ఫైళ్లన్నీ సర్దింది నేనే.