రావమ్మ కోసిన కాలర్లు

రోహిణికి రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు మృగశిర వచ్చినా బెజవాడలో ఎండ తగ్గలేదు. బళ్లు మాత్రం తేదీ తప్పకుండా తెరిచారు.

పటమటలో రావమ్మది ఒంటి మిషను కొట్టు. ఇరవై ఏళ్లుగా వీధి చివరి ప్రైవేటు స్కూలుకు యూనిఫారాలు కుట్టేది ఆమే. ఏడాది తిండికి ఆ ఆర్డరే ఆధారం. నోటికి హద్దులేని మనిషే గానీ, స్కూలువాళ్లు ఇచ్చిన పాలిస్టరు గుడ్డను మాత్రం ఏనాడూ మారుమాట లేకుండా కుట్టేసింది.

ఒక సాయంత్రం, ఆ బళ్లోనే చదివే మనవరాలు అక్షయ గోక్కుంటూ వచ్చింది. చొక్కా విప్పి చూస్తే చెమటకాయలు. మెడచుట్టూ కాలరు మేర, చంకల కింద, నడుం పట్టీ దగ్గర. ఎక్కడ తాను బిగించి కుట్టిందో సరిగ్గా అక్కడే పొక్కింది. రావమ్మకు తల కొట్టేసినట్టయింది.

"పౌడరు రాయవా అమ్మమ్మా?"

"రాస్తానే తల్లీ. ముందు నన్ను నాలుగు తిట్టు."

మర్నాడు రావమ్మ ప్రిన్సిపాల్ తిరుపతిరావు ఏసీ గదికి వెళ్లి నిలబడి, నూలు గుడ్డ ఇప్పించమంది. కాలరు తీసేసి వదులుగా కుడతానంది.

"చెమటకాయలు ఏ పిల్లలకి రావండీ? వానలు పడితే అవే పోతాయి. మీకు కష్టమైతే ఆర్డరు ఇంకొకరికి ఇస్తాం."

"ఇచ్చుకోండి. పిల్లల ఒళ్లు పొక్కించే కుట్టు నేనిక కుట్టను."

ఆ మాట అనేసి వచ్చాక భయం వేసింది. అయినా అదే రంగు నూలు గుడ్డ తెచ్చి, అక్షయకు కాలరు లేని చొక్కా కుట్టింది. సోమవారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. రావమ్మ కదల్లేదు. చివరికి తిరుపతిరావే బయటికొచ్చి, ఎండలో నిలబడి క్రమశిక్షణ గురించి చెప్పడం మొదలెట్టాడు. చెబుతూ చెబుతూనే టై వదులు చేసుకుని, పైగుండీ విప్పుకున్నాడు.

"పది నిమిషాలకే మీకు మెడ ఉడికిందే అయ్యగారూ! సాయంత్రం దాకా బిగించుకునుండే పిల్లదానిది మెడ కాదా?"

పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లులంతా అతని మెడవంకే చూశారు. ఆయన పైగుండీ పెట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు. అక్షయ కూడా ఆయన వెనకే లోపలికి నడిచింది. వాచ్‌మన్ ఆపలేదు.

ఆర్డరు వేరే కొట్టుకు పోయింది. ఆ సాయంత్రమే, పొద్దున గేటు దగ్గరున్న తల్లుల్లో ఒకామె, సంపూర్ణమ్మ, కొడుకు చొక్కా తెచ్చి మిషను మీద పెట్టింది.

"దీని కాలరు కోసెయ్యండి పిన్నిగారూ. ఏమంటారో నేనూ చూస్తాను."

రావమ్మ కత్తెర అందుకుంది.