ఫస్ట్ గేర్లో నిలిపిన బండి

2011 జూన్‌లో నన్ను బోయిన్‌పల్లి సర్వీస్ సెంటర్‌కి వారంటీ ఇన్‌చార్జిగా వేశారు. అంతకుముందు ఇరవై మూడేళ్లు ఇదే ఊళ్లో వేరే వర్క్‌షాపుల్లో పాత బళ్ల మీద పనిచేశాను. కార్బొరేటర్ విప్పి, ఊది, మళ్లీ బిగిస్తే కదిలిపోయే బళ్లవి. ఈ ఉద్యోగం వేరు. బండి పాడైతే తప్పు తయారీలో ఉందా, వాడకంలో ఉందా అని తేల్చి రిపోర్టు రాయాలి. తయారీదైతే కంపెనీ ఉచితంగా బాగుచేస్తుంది, వాడకంలోదైతే ఓనరే పెట్టుకోవాలి. నా పైన వర్క్స్ మేనేజర్, ఆయన పైన కంపెనీ తరఫున నెలకోసారి వచ్చే ఏరియా టెక్నికల్ మేనేజర్. ఆఖరి సంతకం ఆయనది. అయితే నా సంతకం చూసి వాళ్లిద్దరూ పెట్టేవాళ్లు గనక, అసలు తీర్పు నాదే అయ్యేది. ఆ సంగతి నాకు కాస్త తలకెక్కిందనే చెప్పాలి.

మాకు అప్పట్లో కొత్తగా వచ్చింది టర్బో పెట్రోల్ ఇంజన్. పద్నాలుగు వందల సీసీకి కాస్త తక్కువ, నాలుగు సిలిండర్లు, నూట ఇరవై చిల్లర హార్స్‌పవర్. అంత చిన్న ఇంజన్‌కి అంత బలం ఎలా వస్తుందంటే, సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దానితో బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెడతారు. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాన్ని కాచేది పల్చటి నూనె పొర ఒక్కటే. హైవే మీద తరుముకొచ్చి టక్కున ఇంజన్ ఆపేస్తే ఆ నూనె అక్కడే మాడి గట్టిపడుతుంది. ఇవి కాక ఆయిల్ తాగడం, వాల్వుల వెనక మసి పేరుకోవడం, ఇగ్నిషన్ కాయిల్ పోయి ట్రాఫిక్‌లో వణకడం మామూలే. వీటన్నిటికీ మందుంది. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది మాత్రం టైమింగ్ చెయిన్.

ఇంజన్ కింది భాగంలో పిస్టన్లు ఎప్పుడు పైకొస్తాయో, పై భాగంలో వాల్వులు ఎప్పుడు తెరుచుకుంటాయో లెక్క తప్పకుండా కలిపి ఉంచేది ఈ చెయినే. అది వదులు కాకుండా పక్కనుంచి ఒత్తి పట్టే పరికరాన్ని టెన్షనర్ అంటారు. ఇంజన్ నడుస్తున్నంతసేపూ దానికి ఆయిల్ ఒత్తిడి బలం. ఆపేశాక ఒక స్ప్రింగే దిక్కు. అప్పుడు ఇంజన్ వెనక్కి తిరిగితే చెయిన్ వదులై ఒకటి రెండు పళ్లు జారవచ్చు. జారాక స్టార్ట్ చేస్తే పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని గుద్దుతాయి. ఇంజన్ పోయినట్టే.

2012 ఆగస్టులో ఒక ముసురు రోజున తిరుమలగిరి నుంచి అలాంటి బండిని లారీ మీద తెచ్చారు. ఓనరు ఒక డాక్టరమ్మ, ఇంటి కిందే క్లినిక్. తోడుగా వచ్చింది ఏడేళ్లుగా ఆమె దగ్గర డ్రైవరుగా ఉన్న యాదగిరి. పొద్దున స్టార్ట్ చేస్తే గలగలమని రెండు సెకన్లు మోగి ఆగిపోయిందనీ, మళ్లీ అంటుకోలేదనీ చెప్పాడు. వెనకాలే ఆటోలో డాక్టరమ్మ వచ్చారు. పెట్రోల్లో కల్తీ జరిగిందనో, బండిని నీళ్లలో దింపాడనో ఆమె అనుమానం. "ఇంట్లో మనిషిలా చూశానండీ. తప్పు ఇతనిదైతే ఆ మాట రాసివ్వండి, ఒకటో తారీఖు నుంచి మానిపిస్తాను. కాకపోతే అదీ రాసివ్వండి" అన్నారు. యాదగిరి గోడ పక్కన నిలబడి అంతా విన్నాడు.

ఇంజన్ విప్పించాను. కనెక్టింగ్ రాడ్లు తిన్నగా ఉన్నాయి, అంటే నీళ్లు పోలేదు. పెట్రోలు శుభ్రం. చెయిన్ మాత్రం రెండు పళ్లు జారింది, ఎనిమిది వాల్వులు వంగాయి. కంపెనీ పంపిన టెక్నికల్ బులెటిన్‌లో ఒక లైనుంది: ఎత్తు మీద హ్యాండ్‌బ్రేక్ లేకుండా, ఒట్టి గేర్ మీద బండి నిలపరాదు. బండి ఎగువకు ముఖం పెట్టి, ఫస్ట్ గేర్లో ఉంటే, దాని బరువే ఇంజన్‌ని వెనక్కి తిప్పుతుంది. యాదగిరిని పిలిచి, ఇంటి దగ్గర బండి ఎలా పెడతావని అడిగాను. "చడావు మీద పెడ్త సార్. ఫస్ట్ గేర్లేసి, టైరెనక రాయి పెడ్త" అన్నాడు, ఎత్తునే చడావంటూ. హ్యాండ్‌బ్రేక్ వెయ్యవా అంటే, వానాకాలం వెయ్యనన్నాడు. రాయికి ఆనేదాకా బండి కాస్త వెనక్కి జరిగినా చాలు, చెయిన్ జారడానికి.

దొంగ దొరికినంత సంబరపడ్డాను. కారణం అనే గడిలో 'వాడకంలో లోపం, డ్రైవర్ అజాగ్రత్త' అని రాశాను. కింద యాదగిరి సంతకం అడిగితే ఏదో అనబోయి, చుట్టూ ఉన్న మెకానిక్కుల్ని చూసి, పెట్టేశాడు. ఒక కాపీ డాక్టరమ్మకి పోయింది.

ఆ అనబోయిన మాట నాకు పట్టుకుంది. రిపోర్టు ఒప్పని ఎంత అనుకున్నా మనసు కుదురుకోలేదు. వర్క్‌షాపులో బళ్లు నిలిపే ఒక బే నుంచి ఇంకో బేకి, అక్కణ్ణించి స్టోర్సుకి, ఇంట్లో వంటగది నుంచి వరండాకి. మా ఆవిడ రెండు రోజులు చూసి, "ఏమిటండీ, కాలుగాలిన పిల్లిలా! కూర్చుని తినండి" అని కసిరింది. మూడోరోజు బుధవారం. ఎత్తు ఎంతుందో కొలుద్దామన్న సాకుతో తిరుమలగిరి వెళ్లాను.

యాదగిరి క్లినిక్ బయట మెట్లు కడుగుతున్నాడు. శుక్రవారం నెలాఖరు, అప్పటిదాకే పని అని మేడం చెప్పేసిందన్నాడు. ఎత్తు చూపించాడు. బాగానే నిటారుగా ఉంది. హ్యాండ్‌బ్రేక్ వెయ్యొద్దని నీకెవరు చెప్పారని అడిగాను, ఏ పాత డ్రైవరో చెప్పుంటాడనుకుని.

"మీరే గద సార్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతనే విడమరిచి చెప్పాడు. "పోయినేడు డ్రైవర్లకు క్లాస్ పెట్టిండ్రు గద, చాయ్ సమోసా ఇచ్చిండ్రు. వానల హ్యాండ్‌బ్రేక్ గుంజి పెడ్తే పట్టేస్తది, గేర్ల పెట్టుండ్రి అని మీరే చెప్పిండ్రు. అప్పట్నుంచి గట్లనే చేస్తున్న."

అన్నాను. నూటికి నూరుపాళ్లు అన్నాను. మా పాత బళ్లకి వానలో తడిసిన బ్రేకు రాత్రికి రాత్రి అతుక్కుపోయేది, అందుకని ఈ ఊళ్లో ప్రతి మెకానిక్కూ డ్రైవర్లకి చెప్పే మాటే అది. ఆ ఇంజన్లు ఎంత వెనక్కి తిరిగినా ఏమీ అయ్యేది కాదు. కొత్త ఇంజన్ ముందు నిలబడి, బులెటిన్ చదవకుండా, పాతికేళ్ల అలవాటు కొద్దీ నోరు జారాను. ఆ మాట వర్క్‌షాపులోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. "అంతమంది ముంగట మీ పేరెట్ల చెప్త సార్? మీకు తక్లీఫ్ అయితది గద" అన్నాడు. సిగ్గుతో నా మొహం మాడిపోయింది.

డాక్టరమ్మ పైనే ఉన్నారు. పన్నెండు మెట్లు. అప్పుడే ఎక్కి చెప్పవలసింది. నేను ఎక్కలేదు. ముందు రిపోర్టు వాపసు తీసుకోవాలి, పద్ధతి ప్రకారం పోవాలి అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. నాకింకా నాలుగేళ్ల సర్వీసు ఉంది.

గురువారమంతా కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వర్క్స్ మేనేజర్‌కి చెబితే, "పోయిన ఇంజన్ ఎలాగూ పోయింది. మానిన పుండు రేపడమెందుకు?" అన్నాడు. ఆ మాట కాసేపు తియ్యగానే వినిపించింది. శుక్రవారం సాయంత్రానికి రెండో రిపోర్టు రాశాను. 'బండి నిలిపే పద్ధతి ఈ సెంటర్ వారంటీ ఇన్‌చార్జి డ్రైవర్ల క్లాసులో చెప్పినదే. డ్రైవర్ తప్పు లేదు' అని రాసి, క్లాసు హాజరు పట్టీ జతచేశాను. ఏరియా టెక్నికల్ మేనేజర్ సోమవారం వచ్చి రెండుసార్లు చదివాడు. ఇది మీ మీద మీరే పెట్టుకున్న కేసు, తెలుసా అని అడిగాడు. తెలుసన్నాను. ఇంజన్ ఉచితంగా మార్చారు. నాకు మెమో ఇచ్చి, వారంటీ నుంచి తప్పించి, కొత్త బళ్లని డెలివరీకి ముందు తనిఖీ చేసే పనికి వేశారు.

తిరుమలగిరి వెళ్లి డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆమె రెండో రిపోర్టు తీసుకుని చదివారు. తర్వాత, "శుక్రవారం పొద్దున చెప్పినా ఆపేదాన్నండీ" అన్నారు. శుక్రవారమే వెళ్లిపోయిన యాదగిరిని వెతికి పట్టుకురమ్మన్నారు. రెండు వారాలు తిరిగితే బోయిన్‌పల్లి మార్కెట్లోనే కనిపించాడు, టమాటా ట్రేలు మోసే ట్రాలీ ఆటో నడుపుతూ. మేడం రమ్మంటున్నారన్నాను. నా తప్పని రాసిచ్చానని కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మంచి పని చేసిండ్రు సార్. కానీ ఇగ రాను. ఏడేండ్లు చేసినంక సుత ఒక్క కాగితం జూసి పొమ్మన్నది. రేపు బండికి ఇంకేమన్నైతే మళ్ల నా దిక్కే చూస్తది."

కోపంగా అనలేదు. పక్కనెవరో హారన్ కొడితే బండి ముందుకు జరుపుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాణ్ణి నేను.

ఆ హాజరు పట్టీలో ఇంకా ముప్పై ఎనిమిది పేర్లున్నాయి. నేను చెప్పింది తప్పని చెప్పడానికి ఆ వారంలోనే అందరికీ ఫోన్ చేశాను. ఇద్దరు తప్ప అందరూ వానాకాలం ఒట్టి గేర్ మీదే నిలుపుతున్నామన్నారు, సార్ చెప్పారు కదా అన్నారు. ఆ ఇద్దరూ క్లాసులో సమోసా తిని మధ్యలోనే లేచిపోయినవాళ్లు.

ఈ సంగతి నాకు రెండు విషయాలు నేర్పింది. వాడకంలో లోపం అని రాసే ముందు, ఆ వాడకం ఎవరు నేర్పారని అడగాలి. తప్పు నాదని తెలిసిన గంటలోనే, నష్టపోయే మనిషికి చెప్పాలి, కాగితం సంగతి తర్వాత. కొత్త బండి తాళాలిచ్చే ప్రతి డ్రైవరుకీ రిటైరయ్యే దాకా నేను చెప్పిన మొదటి మాట ఒకటే: "కాలు బ్రేకు మీదే ఉంచి, హ్యాండ్‌బ్రేక్ లాగి, బండి దాని మీద ఆగిందని చూసుకున్నాకే గేర్ వెయ్యండి. ఇంతకుముందు నేను దీనికి వేరేలా చెప్పాను. అది తప్పు."