రెండు గంటల బస్సులోపు

పెన్సిలు చెక్కినప్పుడు వచ్చే కర్రపొట్టు వాసన తగిలితే చాలు, నేను సుక్మాలోని ఈ ప్రభుత్వ క్వార్టరులో ఉండను, మనసు మా ఊరు కోంటాకు వెళ్ళిపోతుంది. రోడ్ల శాఖలో ఇంజనీరును. డ్రాయింగులన్నీ కంప్యూటరులోనే. అయినా ఆదివారం పొద్దున తెలుగు పేపరు, ఒక పెన్సిలు, ఒక రబ్బరు ముందు పెట్టుకుని గళ్ళనుడికట్టు పట్టాల్సిందే. మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ, ఆయనకు కోంటా బట్టల కొట్టు రాజమ్మత్త తెలియదు కదా.

రాజమ్మత్త మాకు చుట్టం కాదు, మా కిరాణా కొట్టు పక్కనే ఆమె బట్టల కొట్టు. పన్నెండో తరగతి లెక్కల్లో తప్పి నేను మొహం చాటేసి ఇంట్లో కూర్చున్న ఏడాది అది. మా ఊరు తెలుగు రాష్ట్రం సరిహద్దుకు అవతల, అందుకే హిందీ మీడియం చదువు నాది. తెలుగు గడగడా మాట్లాడేదాన్ని గానీ, చదవాలంటే కూడబలుక్కోవాల్సిందే. ఒక ఆదివారం ఆమె మా గుమ్మంలోకి వచ్చి, "ఏందే పద్మా, తప్పింది లెక్కల్లోనే గదా. రా, నా అద్దాలు పగిలినయి, పేపరు చదివి పెట్టు" అంది. వెళ్ళి చూస్తే అద్దాలు నిక్షేపంగా బల్ల సొరుగులో ఉన్నాయి.

ఆమె కోరిక ఒక్కటే. గళ్ళన్నీ సరిగా నింపి పంపినవాళ్ళ పేర్లు మరుసటి ఆదివారం ఊరి పేరుతో సహా అచ్చేసేవారు. ఆ జాబితాలో ఖమ్మం ఉండేది, విజయవాడ ఉండేది, కోంటా ఏనాడూ లేదు. "శబరి దాటితే తెలుగోళ్ళే లేరనుకుంటుర్రు" అని ఆమె ఉక్రోషం. పేపరేమో భద్రాచలం నుంచి పది గంటల బస్సులో వచ్చేది. జవాబు బుధవారంలోపు అందాలి. మా ఊరి పోస్టు డబ్బాలో వేస్తే అది జగదల్‌పూర్ చుట్టి వెళ్ళేసరికి పుణ్యకాలం గడిచిపోయేది. అందుకని రెండు గంటల బస్సు కండక్టరు చేతికి కవరిచ్చి, భద్రాచలంలో పోస్టు చేయించేది. అంటే మాకున్నది నాలుగు గంటలు. ముందు పెన్సిలుతో రాయాలి, అడ్డం నిలువు రెండూ కుదిరాకే పెన్ను. నిఘంటువు మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు. "ఆ పని చేసేటోళ్ళను అడుగు, వాళ్ళకు తెల్వనిది పుస్తకానికేం తెలుస్తది?" అనేది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ వారం కవరు పంపేది కాదు.

అలా అడగడమంటేనే నాకు ప్రాణం మీదికొచ్చేది. పరీక్ష తప్పినదాన్నని ఊరందరికీ తెలుసు, ఇది కూడా తెలియదని మళ్ళీ చాటుకోవాలా? ఒకసారి 'వడ్రంగి కర్రను చెక్కే పనిముట్టు, మూడక్షరాలు' అని వచ్చింది. ఎదురుగానే వడ్రంగి పని చేసుకుంటున్నాడు. నేను వీధి మధ్యదాకా వెళ్ళి, అడక్కుండానే వెనక్కి వచ్చి 'చిత్రిక' అన్నాను. దానికి తగ్గట్టు నిలువు పదాన్ని కూడా ఏదోలా ఇరికించాను. "అడిగినవా?" అంటే "అడిగానత్తా" అన్నాను. కవరు వెళ్ళిపోయింది. మరుసటి వారం జవాబుల్లో 'బాడిస' అని ఉంది. రాజమ్మత్త ఆ గడి మీద వేలు పెట్టింది. "తెల్వకపోతే సిగ్గేంది? తెల్సినట్టు నాకు చెప్పినవు చూడు, అది సిగ్గు" అంది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత మూడు నాలుగు వారాలకు ఒక ఆదివారం గళ్ళన్నీ నిండి ఒకటే మిగిలింది. 'లోతులేని నీళ్ళలో చేపలు పట్టే వెదురు బుట్ట', రెండక్షరాలు, రెండోది 'త'. మా వ్యాపారుల ఇళ్ళలో నీసు ముట్టరు. చేపల బుట్టలవాళ్ళు కూడా మా కొట్ల వరసలో ఆగకుండా దూరం నుంచే తప్పుకుని పోయేవారు. ఒకటిన్నర దాటింది. రాజమ్మత్త పేపరు మడవబోయింది. ఆ మడత చూసి నాకు ఒళ్ళు మండింది, నా మీద నాకే. లేచి, మా అమ్మ వెనకనుంచి పిలుస్తున్నా ఆగకుండా చేపలమ్మే వరసకు పరుగెత్తాను. అక్కడ ముత్తక్క అనే దొర్ల తెగ ఆమె చేపలు కడుగుతోంది.

"అక్కా, బురద నీళ్ళల్లో చేపల మీద ఒత్తే వెదురు బుట్టనేమంటారు? నాకు తెలియదు" అన్నాను. అడగడానికి భయపడ్డ మాట నోటినుంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో.

ఆమె తల కూడా ఎత్తలేదు. "ఊత. ఒత్తి, పైనుంచి చెయ్యి పెట్టి తీత్తం. ఎందుకు బిడ్డా, నువ్వు పడుతవా?"

వెనక్కి వచ్చేసరికి బస్సు స్టార్టయింది. రాజమ్మత్త పెన్నుతో దిద్ది, అడుగున ఏదో రాసి కవరు అంటించింది. నేను బస్సు పక్కనే ఉరికి కిటికీలోంచి అందించాను. "జర ముందుగాల రారాదు, మేడమ్?" అన్నాడు కండక్టరు. నన్ను మేడమ్ అన్న మొదటి మనిషి అతనే.

మరుసటి ఆదివారం పేపరు రాగానే నేనే గట్టిగా చదివాను, కూడబలుక్కోకుండా. 'రాజమ్మ, పద్మ, ముత్తక్క, కోంటా.' ఒకే వరుసలో మూడు పేర్లు. రాజమ్మత్త ఏడ్చేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ముత్తక్కను తన కొట్టు అరుగు మీదికే పిలిచి, ఆమె పేరున్నచోట వేలు పెట్టించి చూపించింది. ఆ అరుగు నీడన చేపల బుట్ట దిగడం అదే మొదలు. మా వరసవాళ్ళు గొణిగారు. "నాకు ఆ ఒక్క గడి నింపింది ఆమె, మీరు గాదు" అని రాజమ్మత్త ఒక్కమాటతో వాళ్ళ నోళ్ళు మూయించింది. ఆ యేడు లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్ళి, అర్థంకానివన్నీ మొదటినుంచీ అడిగాను. పాసయ్యాను.

రాజమ్మత్త ఇప్పుడు లేదు. కిందటి వానాకాలానికి ముందు ఎర్రబోరు అనే ఊరి దగ్గర ఒక కల్వర్టు డ్రాయింగు వేయాల్సి వచ్చింది. వాననీళ్ళు రోడ్డు దాటే చోటును మ్యాపు ఒకచోట చూపిస్తోంది. అయినా నేను మేకలు కాసే ఉంగా అనే పెద్దాయనను, నీళ్ళు నిజంగా ఎటు పారతాయని అడిగాను. ఆయన వంద అడుగుల అవతలికి తీసుకెళ్ళి కర్రతో నేల మీద గీసి చూపించాడు. అక్కడే కట్టాం. వానలొచ్చాయి, రోడ్డు నిలిచింది. డ్రాయింగు అడుగున నా పేరు పక్కన ఇంకో పేరు చూసి మా పై ఆఫీసరు, "యే ఉంగా కౌన్ హై?" అని, ఆ పేరెవరిదో అడిగాడు.

"నాకు తెలియని ఆ ఒక్క గడి నింపిన మనిషి, సర్" అన్నాను.